ఒకే సాఫ్ట్‌వేర్, రెండు దేశాలు: జర్మనీ, కెన్యాల్లో ఒక క్లౌడ్ మైగ్రేషన్

ఈ కేసులో సంస్థ ఒకటే, సాఫ్ట్‌వేర్ ఒకటే, క్లౌడ్ ప్రొవైడర్ కూడా ఒక్కరే. దేశాలు మాత్రం రెండు. మందులు, వైద్య పరికరాలు సేకరించి గ్రామీణ క్లినిక్‌లకు చేర్చే సేవా సంస్థ అది. ప్రధాన కార్యాలయం, పెద్ద గోదాము జర్మనీలో ఉన్నాయి. క్షేత్రస్థాయి పనంతా కెన్యాలో జరుగుతుంది. నైరోబీలో ఆఫీసు, కొన్ని కౌంటీ (మన జిల్లా లాంటిది) పట్టణాల్లో చిన్న గోదాములు, వాటి కింద క్లినిక్‌లు ఉంటాయి. స్టాకు, కొనుగోళ్లు, లెక్కలు చూసే వ్యవస్థ మొత్తాన్ని సొంత సర్వర్ల నుంచి క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే సర్వర్లకు, మార్చాలని సంస్థ 2021లో నిర్ణయించుకుంది. ఆ వ్యవస్థ ఆర్కిటెక్చర్ (రూపకల్పన) బాధ్యత నాకు అప్పగించారు.

యాజమాన్యం మాకిచ్చిన ప్లాను ఇలాంటి ప్రాజెక్టుల్లో అందరూ వేసేదే. ముందు జర్మనీలో మార్చండి, అక్కడ కుదురుకున్నాక అదే నమూనాను కెన్యాలో పెట్టండి అన్నారు. ఈ వరసను తిరగెయ్యాలని నేను మొదటి నుంచీ వాదించాను. కెన్యా క్లినిక్‌లో నడిచే డిజైన్ జర్మనీలో ఎలాగూ నడుస్తుంది. జర్మనీలో నడిచింది కాబట్టి కెన్యాలోనూ నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ వాదన ఆచరణలో ఎలా తేలిందో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను.

రెండు చోట్లా మేం చూసినవి

జర్మనీలో సర్వర్ గది చక్కగా ఉంది. ఏసీ, టేపుల మీద బ్యాకప్, ఏ కేబుల్ ఎక్కడికి పోతుందో రాసిపెట్టిన చార్టు, అన్నీ ఉన్నాయి. చాలా ఏళ్లుగా ఒకే అడ్మిన్ దాన్ని చూసుకుంటున్నారు. చిక్కల్లా అది బాగా నడుస్తూ ఉండటమే. సర్వర్ల పుస్తక విలువ ఇంకా పూర్తిగా తరగలేదు. డేటాబేస్ లైసెన్సులు ఆ యంత్రాల ప్రాసెసర్ల లెక్కన కొన్నవి, వాటిని క్లౌడ్‌లో వాడుకోవచ్చా లేదా అన్నది వేరే చర్చ. ఎవరు చదువుతున్నారో ఎవరికీ తెలియని రిపోర్టులు రాత్రిళ్లు తయారవుతూనే ఉన్నాయి. వాటిలో ఏది ఆపితే ఎవరి పని ఆగుతుందో అని అందరికీ టెన్షన్.

కెన్యాలో ఒక్కో కౌంటీ గోదాములో ఒక మామూలు పీసీయే సర్వర్. పక్కన చిన్న యూపీఎస్. వారానికోసారి బ్యాకప్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, నైరోబీ వెళ్లే వాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఎంట్రీ మధ్యలో కరెంటు పోయి డేటాబేస్ ఫైలు పాడైన సందర్భాలు చాలానే ఉన్నాయి. ఏ క్లినిక్‌లో ఏ మందు ఎంత ఉందో ప్రధాన కార్యాలయానికి వారాలు గడిచాక తెలిసేది. అప్పటికి కొన్ని మందుల గడువు తేదీ దాటిపోయి ఉండేది.

అందుకే రెండు చోట్ల ఎదురైన ప్రశ్నలు వేరు. జర్మనీలో ప్రతి మీటింగులోనూ "నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి?" అని అడిగారు. కెన్యాలో క్లౌడ్ ఎందుకని ఎవరూ అడగలేదు. "నెట్ పోతే మా పని ఎలా?" అన్నదొక్కటే అడిగారు. నా దృష్టిలో రెండోదే మంచి ప్రశ్న, ఎందుకంటే దానికి ఇంజినీరింగ్‌లో జవాబు ఉంది.

దేశాల వారీ శాతాలు చూస్తే ఈ తేడా కనిపించదు. యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ లెక్కల ప్రకారం 2023లో యూనియన్‌లో 45.2 శాతం సంస్థలు క్లౌడ్ సేవలు కొన్నాయి. అందులోనే ఫిన్లాండ్ 78.3 శాతం, బల్గేరియా 17.5 శాతం. రెండు దేశాల్లోనూ అమలయ్యే యూనియన్ చట్టాలు ఒకటే, రెండింటికీ దగ్గర్లోనే డేటా సెంటర్లున్నాయి, అయినా ఇంత దూరం. పైగా ఈ శాతంలో ఈమెయిల్ సేవ మాత్రమే కొన్న సంస్థా, మొత్తం వ్యాపారాన్నే క్లౌడ్ మీద నడిపే సంస్థా ఒకే ఖాతాలో పడతాయి. ఇక అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2024 అంచనా ప్రకారం సంపన్న దేశాల్లో 93 శాతం ప్రజలు ఇంటర్నెట్ వాడుతుంటే, తక్కువ ఆదాయ దేశాల్లో 27 శాతమే వాడుతున్నారు. కెన్యా ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. నైరోబీ ఆఫీసుల్లో మంచి ఫైబర్ ఉంది. కౌంటీ పట్టణం దాటాక మొబైల్ డేటాయే ఆధారం. ఒకే దేశంలో ఇన్ని మెట్లు ఉన్నప్పుడు దేశం మొత్తానికి ఒకే డిజైన్ వెయ్యడం కుదరదు.

దూరం ఖరీదు

పాత సాఫ్ట్‌వేర్‌ను ఉన్నదున్నట్టు క్లౌడ్‌లోకి ఎత్తి పెట్టేద్దామన్న ఆలోచన ఒక చిన్న లెక్కతో వీగిపోయింది. పాత ప్రోగ్రాములో ఒక ఇన్‌వాయిస్ స్క్రీన్ తెరిస్తే అది డేటాబేస్‌ను నలభై సార్ల దాకా అడుగుతుంది. ఒకదానికి జవాబు వచ్చాకే ఇంకొకటి అడుగుతుంది. సర్వర్ పక్క గదిలో ఉన్నంతకాలం ఒక్కో జవాబు మిల్లీసెకను లోపే వచ్చేది, ఎవరికీ తెలిసేది కాదు. అదే రానుపోను 150 మిల్లీసెకన్లు పట్టే లింకు మీద నలభై సార్లంటే ఆరు సెకన్లు. ఒక్క స్క్రీను తెరవడానికే ఇంత పడుతుంది. ఇందులో దారిలో డేటా ముక్కలు (ప్యాకెట్లు) పోయి మళ్లీ పంపాల్సి వచ్చే సమయం కలపలేదు.

బ్యాండ్‌విడ్త్ (లింకు ఒకేసారి మోయగల డేటా) పెంచితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, డబ్బు ఎక్కువ కట్టినా అంతకంటే వేగంగా వెళ్లదు. మేం పని మొదలుపెట్టే నాటికి ఆఫ్రికాలో పెద్ద అమెరికన్ ప్రొవైడర్ల పూర్తిస్థాయి రీజియన్లు (క్లౌడ్ సేవలు నడిచే డేటా సెంటర్ల సముదాయాలు) దక్షిణాఫ్రికాలోనే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ 2019లో జోహన్నెస్‌బర్గ్, కేప్‌టౌన్‌లలో, అమెజాన్ 2020లో కేప్‌టౌన్‌లో తెరిచాయి. గూగుల్ జోహన్నెస్‌బర్గ్ రీజియన్ 2024లో గానీ రాలేదు. నైరోబీ నుంచి ఒక రిక్వెస్టు వెళ్లాలంటే హిందూ మహాసముద్రపు కేబుల్ పట్టుకుని దక్షిణానికైనా పోవాలి, ఎర్రసముద్రం మీదుగా యూరప్‌కైనా పోవాలి. జర్మనీ గోదాముకు ఫ్రాంక్‌ఫర్ట్ రీజియన్ దాదాపు పక్క గదితో సమానం.

మొదటిసారి డేటా ఎక్కించడంలోనూ ఇదే తేడా. కెన్యాలో స్కాన్ చేసిన పాత రసీదుల గుట్ట చాలా పెద్దది. 10 ఎంబీపీఎస్ (సెకనుకు 10 మెగాబిట్లు) లింకు మీద ఒక టెరాబైటు (వెయ్యి గిగాబైట్లు) పంపాలంటే, లింకు ఒక్క క్షణం కూడా ఆగకుండా నిండుగా నడిచినా తొమ్మిది రోజులు దాటుతుంది. ఆ తొమ్మిది రోజులూ ఆఫీసులో ఇంకెవరూ నెట్ వాడకూడదు. అందుకని ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళం లేనివాళ్లు చదవలేకుండా మార్చిన) డిస్కులను పార్సిల్‌లో పంపించాం. యూరప్‌లో మంచి ఫైబర్ మీద రాత్రికి రాత్రి అయిపోయే పని ఇది. ప్రాజెక్టు ప్లానులో రెండింటికీ ఒకే గడువు వేస్తే ఏదో ఒక చోట తప్పుడు గడువు అవుతుంది.

డిజైన్

మా నిర్ణయం సూటిగా చెప్పాలంటే ఇది: క్లినిక్‌లోని ట్యాబ్ నెట్ లేకుండానే పూర్తిగా పనిచెయ్యాలి, నెట్ దొరికినప్పుడు క్లౌడ్‌తో మాట్లాడుకోవాలి. దీన్ని ఆఫ్‌లైన్ సదుపాయం అని ఓ మూల చేర్చడం వేరు, వ్యవస్థ మొత్తాన్ని దాని చుట్టూ కట్టడం వేరు. మేం రెండోది ఎంచుకున్నాం.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు డేటా రూపంలో జరిగింది. పాత వ్యవస్థ ఒక మందుకు "మిగిలిన నిల్వ" అనే ఒకే అంకెను దాచుకునేది. రెండు చోట్ల నుంచి ఆఫ్‌లైన్‌లో ఆ అంకెను మారిస్తే, సింక్ అయ్యేటప్పుడు, అంటే క్లౌడ్‌లోని లెక్కతో కలిసేటప్పుడు, వెనక వచ్చింది ముందు వచ్చినదాన్ని చెరిపేస్తుంది. కొత్త వ్యవస్థలో నిల్వ అంకెను దాచడం మానేశాం. ప్రతి కదలికనూ విడిగా రాస్తాం. ఇన్ని వచ్చాయి, ఇన్ని ఇచ్చాం, ఇన్ని పగిలాయి, ఇన్నింటికి గడువు తీరింది. నిల్వ కావాలన్నప్పుడు వాటిని కూడితే వస్తుంది. కూడిక ఏ వరసలో చేసినా మొత్తం ఒక్కటే కాబట్టి, ఏ క్లినిక్ ఎంట్రీలు ముందు వచ్చినా, మూడు రోజులు ఆలస్యంగా వచ్చినా లెక్క చెడదు. ప్రతి కదలికకూ ట్యాబే ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. అందువల్ల లింకు మధ్యలో తెగి అదే ఎంట్రీని రెండుసార్లు పంపినా సర్వర్ రెండోదాన్ని వదిలేస్తుంది.

ట్యాబ్‌ల గడియారాలను నమ్మలేదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి మళ్లీ ఆన్ చేసినప్పుడు కొన్నింటిలో తేదీ ఎక్కడికో వెళ్లిపోతుంది. అందుకని ప్రతి ట్యాబ్ తన ఎంట్రీలకు వరస సంఖ్యలు వేస్తుంది, సర్వర్ తనకు అందిన సమయాన్ని కూడా పక్కన రాసుకుంటుంది. తేదీకీ వరసకూ పొంతన లేకపోతే ఆ ఎంట్రీ సూపర్‌వైజర్ ముందుకు వస్తుంది. ఫొటోలు మొబైల్ డేటా మీద వెళ్లవు, కౌంటీ గోదాములో వైఫై తగిలినప్పుడే వెళ్తాయి. ఎంట్రీలను చిన్న చిన్న కట్టలుగా కుదించి పంపుతాం. ఒక కట్ట చేరితే అది చేరినట్టే, లింకు తెగినా మొదటికి రానక్కర్లేదు.

ఇంకో నిర్ణయం చట్టానికి సంబంధించింది. స్టాకు వ్యవస్థలో రోగి పేరు అసలే ఉండకూడదని పట్టుబట్టాం. ఎన్ని మాత్రలు ఇచ్చారన్నది చాలు, ఎవరికి ఇచ్చారన్నది క్లినిక్ రిజిస్టరులోనే ఉంటుంది. కెన్యాలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2019లో వచ్చింది. 2021లో వచ్చిన నిబంధనలు కొన్ని రకాల డేటాకు దేశంలోనే సర్వర్ గానీ, కనీసం ఒక కాపీ గానీ ఉండాలంటాయి. అక్కర్లేని వ్యక్తిగత డేటాను అసలు సేకరించకపోతే ఈ తలనొప్పుల్లో చాలా భాగం పుట్టదు.

"కెన్యాలో క్లౌడా?" అని జర్మనీ బోర్డు మీటింగులో అనుమానం వచ్చినప్పుడు నేను చూపించిన ఉదాహరణ ఆ దేశానిదే. కెన్యా ఆరోగ్య శాఖ 2011లోనే డీహెచ్‌ఐఎస్2 అనే ఆరోగ్య సమాచార వ్యవస్థను దేశమంతటా ఆన్‌లైన్‌లో నడిపింది. నార్వేలోని ఆస్లో విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో తయారయ్యే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) సాఫ్ట్‌వేర్ అది. ప్రతి జిల్లాలో విడివిడిగా ఇన్‌స్టాల్ చేసే పాత పద్ధతిని వదిలి, మొదట్లో విదేశంలో అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్ మీద, జిల్లాల్లో మొబైల్ మోడెమ్‌లతో పని మొదలుపెట్టారు. అందులోనూ వెళ్లింది రోగుల పేర్లు కాదు, నెలవారీ మొత్తాలు. నెట్ లేనప్పుడు బ్రౌజర్‌లోనే ఎంట్రీలు దాచుకునే ఏర్పాటు ఉంది. అమెరికా ప్రభుత్వం తన శాఖలకు "క్లౌడ్ ఫస్ట్" విధానం ప్రకటించింది 2010 డిసెంబరులో, బ్రిటన్ ప్రకటించింది 2013లో. ఆ రెండింటి మధ్య కాలంలోనే కెన్యా ఒక జాతీయ వ్యవస్థను క్లౌడ్ మీద నడుపుతోంది. ఈ వరస విన్నాక బోర్డులో ఆ అనుమానం మళ్లీ రాలేదు.

జర్మనీలో కాలం ఎక్కడ పోయింది

సాంకేతికంగా జర్మనీ పని తేలిక. ఆలస్యమంతా కాగితాల్లోనే జరిగింది. ఆ కాగితాలు అనవసరం అని మాత్రం నేను అనను. అక్కడి చట్టం ప్రకారం ఉద్యోగుల ప్రవర్తనను గానీ పనితీరును గానీ గమనించడానికి వీలున్న సాంకేతిక వ్యవస్థను తేవాలంటే ఉద్యోగుల ప్రతినిధి మండలికి అందులో సహనిర్ణయ హక్కు ఉంటుంది. క్లౌడ్‌లో ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో లాగ్‌లో నమోదవుతుంది. ఆ లాగ్‌ను ఎవరు చూడొచ్చు, ఎన్నాళ్లు ఉంచాలి, దేనికి వాడకూడదు అన్నవన్నీ ఒప్పందంగా రాసుకోవాల్సి వచ్చింది. రాసుకున్నాక అదే ఒప్పందాన్ని కెన్యా సిబ్బందికీ వర్తింపజేశాం. ఇది జర్మనీ నుంచి కెన్యాకు వెళ్లిన మంచి విషయాల్లో ఒకటి.

రెండోది డేటా బదిలీ. 2020 జులైలో యూరోపియన్ కోర్టు ఇచ్చిన ష్రెమ్స్ 2 తీర్పు అమెరికాకు డేటా పంపడానికి అప్పటిదాకా ఉన్న ప్రైవసీ షీల్డ్ ఏర్పాటును కొట్టేసింది. మా జర్మనీ డేటా ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉన్నా ప్రొవైడర్ అమెరికా కంపెనీ. ఎన్‌క్రిప్షన్ తాళాలు ఎవరి దగ్గరుండాలి అన్న చర్చ చాలా కాలం సాగి, చివరికి తాళాలు సంస్థ దగ్గరే ఉంచుకోవాలని తేలింది.

క్లౌడ్‌లో పెడితే బ్యాకప్ గురించి ఆలోచించక్కర్లేదనే భ్రమ ఇద్దరు ముగ్గురు మేనేజర్లకు ఉండేది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ అనే ప్రొవైడర్ డేటా సెంటర్ భవనం ఒకటి మంటల్లో కాలిపోయిన వార్త అప్పటికి తాజాది. వేరే చోట బ్యాకప్ లేని కస్టమర్లు ఆ రోజు డేటా పోగొట్టుకున్నారు. మా బ్యాకప్ ఇంకో రీజియన్‌లో ఉండాలన్న ఖర్చుకు ఆమోదం ఆ వారమే దొరికింది.

బిల్లు

క్లౌడ్ వల్ల పెట్టుబడి భారం పోయి వాడినంతకే కట్టొచ్చని, కాబట్టి పేద దేశాలకు ఇది మేలని అంటారు. ఇది సగమే నిజం. మిగతా సగం కరెన్సీలో ఉంది, ఎందుకంటే క్లౌడ్ ధరలు సాధారణంగా డాలర్లలో ఉంటాయి. 2022 మొదట్లో డాలరుకు సుమారు 113 కెన్యా షిల్లింగులు. 2024 జనవరికి అది 160 దాకా వెళ్లింది, తర్వాత కొంత కోలుకుంది. అంటే వాడకం ఒక్క గిగాబైటు పెరగకపోయినా షిల్లింగుల్లో బిల్లు 40 శాతం పెరిగిపోతుంది. అదే సర్వర్‌ను ముందే కొనేసి ఉంటే దాని ధర కొన్న రోజుతో ఆగిపోయేది. మా కేసులో బిల్లు జర్మనీ ఆఫీసుకు యూరోల్లో వెళ్తుంది కాబట్టి కెన్యా ఆఫీసు ఈ దెబ్బ తప్పించుకుంది. కెన్యాలోనే సంపాదించి కెన్యాలోనే ఖర్చుపెట్టే సంస్థకు ఈ రక్షణ ఉండదు. మా ఫలితాలను వాళ్లకు అన్వయించేటప్పుడు ఈ సంగతి తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

దీనికి తోడు ధర కూడా రీజియన్‌ను బట్టి మారుతుంది. అమెజాన్ జాబితా ధరల్లో క్లౌడ్ నుంచి ఇంటర్నెట్‌కు డేటా బయటికి పంపడానికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటి శ్లాబులో గిగాబైటుకు 9 సెంట్లు, కేప్‌టౌన్‌లో 15.4 సెంట్లు. కొనుగోలు శక్తి తక్కువున్న చోట రేటు ఎక్కువ. ఆ ఖండంలో కరెంటు, లింకుల ఖర్చులు దీని వెనక ఉన్నాయని నాకు తెలుసు, అయినా ఈ తేడా నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. మేం చెయ్యగలిగింది ఒక్కటే, బయటికి వెళ్లే డేటాను తగ్గించడం. ట్యాబ్‌కు మొత్తం జాబితా ప్రతిసారీ పంపకుండా, కిందటి సింక్ తర్వాత మారినవే పంపుతాం. రిపోర్టులు క్లౌడ్‌లోనే తయారై, ఒక పేజీ సారాంశమే కిందికి దిగుతుంది. అవే మార్పులు జర్మనీ బిల్లునూ తగ్గించాయి. అక్కడ ఎవరూ అడగని పొదుపు అది. కెన్యా కోసం డిజైన్ చెయ్యకపోయి ఉంటే దొరికేది కాదు.

జర్మనీలో ఖర్చు వేరే చోట పెరిగింది. పాత సర్వర్లు, కొత్త క్లౌడ్ రెండూ పక్కపక్కన నడిచిన కాలంలో రెండు బిల్లులూ కట్టారు. ఎవరూ చదవని ఆ రాత్రి రిపోర్టులను ఒక్కొక్కటిగా ఆపి, ఎవరైనా ఫోన్ చేస్తారేమో చూసి, చెయ్యకపోతే తీసేస్తూ పోయాం. కెన్యాలో ఇలా పక్కపక్కన నడిపే దశ దాదాపు లేదు. వదులుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ లేకపోవడం వాళ్లకు కలిసొచ్చింది.

మనుషుల సంగతి కూడా చెప్పాలి. నైరోబీలో క్లౌడ్ తెలిసిన యువ ఇంజినీర్లు బాగా దొరికారు, సింక్ కోడ్‌లో ఎక్కువ భాగం రాసింది వాళ్లే. కానీ మంచి జీతానికి వేరే చోటికి వెళ్లిపోతారు, కాబట్టి ప్రతి నిర్ణయాన్నీ రాసిపెట్టే అలవాటు చేశాం. జర్మనీ అడ్మిన్‌కు ఉద్యోగం పోతుందన్న భయం ఉండేది. ఆయనకు ట్రైనింగ్ ఇప్పించి యాక్సెస్, బ్యాకప్ బాధ్యతలు అప్పగించారు. ఏ కేబుల్ ఎక్కడికి పోతుందో రాసిపెట్టిన మనిషి ఆ పనికి సరిగ్గా సరిపోయారు.

2024 మే

వ్యవస్థకు అసలు పరీక్ష 2024లో వచ్చింది. ఫిబ్రవరి చివర్లో ఎర్రసముద్రంలో సీకామ్‌తో పాటు సముద్రం కింది ఇంటర్నెట్ కేబుళ్లు కొన్ని తెగాయి. మే 12న దక్షిణాఫ్రికా తీరం వైపు ఈఏఎస్‌ఎస్‌వై, సీకామ్ కేబుళ్లు రెండూ దెబ్బతిన్నాయి. కెన్యా, టాంజానియా, ఉగాండా, రువాండాల్లో నెట్ మందగించింది. మా కెన్యా డేటా దక్షిణాఫ్రికా రీజియన్‌లో ఉంది. అంటే దగ్గరి దారి అనుకుని ఎంచుకున్నదే మూసుకుపోయింది.

క్లినిక్‌లలో పని ఆగలేదు. ట్యాబ్‌లలో ఎంట్రీలు పేరుకున్నాయి, లింకు తగిలినప్పుడల్లా కట్టలు కట్టలుగా వెళ్లాయి. ఇబ్బంది పడింది కౌంటీ గోదాములు. కొనుగోలు ఆమోదాలకు ఆఫ్‌లైన్ ఏర్పాటు లేదు, ఎందుకంటే డబ్బు ఖర్చుకు సంబంధించిన అనుమతి కేంద్రంలోనే ఉండాలన్నది ఆడిటర్ల షరతు. ఆ రోజుల్లో ఆమోదాలు ఫోన్ మీద తీసుకుని, తర్వాత వ్యవస్థలో ఎక్కించారు. ఇప్పుడు చిన్న మొత్తాలకు గోదాము మేనేజరే ఆఫ్‌లైన్‌లో ఆమోదం ఇచ్చేలా పరిమితి పెట్టి మార్చాం, ఆడిటర్లు ఒప్పుకున్నారు. రెండో కాపీని యూరప్ రీజియన్‌లో కూడా ఉంచి, ఒక దారి మూసుకుంటే ట్యాబ్ రెండో చిరునామా ప్రయత్నించేలా చేశాం.

మిగిలిన పనులు

జర్మనీ వైపు మిగిలింది ప్రొవైడర్‌ను మార్చుకోగలమా అన్న పరీక్ష. యూరోపియన్ యూనియన్ డేటా చట్టం ప్రకారం 2027 జనవరి 12 తర్వాత ప్రొవైడర్ మారే కస్టమర్ నుంచి ఆ మార్పిడికి ఛార్జీలు వసూలు చెయ్యకూడదు. ఛార్జీ లేకపోయినా ప్రొవైడర్ సొంత సేవల మీద ఆధారపడిన కోడ్‌ను మార్చడం మన పనే కాబట్టి, అలాంటి భాగాల జాబితా తయారవుతోంది.

కెన్యాకు ఆ చట్టం వర్తించదు. అక్కడి కాంట్రాక్టులోనూ అదే హక్కును రాయించుకోవాలని సంస్థకు సలహా ఇచ్చాను, బేరం నడుస్తోంది. కెన్యాలో భూతాప విద్యుత్తుతో నడిచే డేటా సెంటర్ కట్టి, తూర్పు ఆఫ్రికాకు ఒక క్లౌడ్ రీజియన్ తెస్తామని మైక్రోసాఫ్ట్, అబుదాబి టెక్ కంపెనీ జీ42 2024 మేలో ప్రకటించాయి. దేశంలోనే పూర్తిస్థాయి రీజియన్ వస్తే డేటా కాపీ అక్కడ పెట్టడం, కొనుగోలు ఆమోదాలను సముద్రం దాటకుండా నడపడం మా ప్లానులో ఉన్నాయి. ట్యాబ్‌లలోని ఆఫ్‌లైన్ భాగాన్ని మాత్రం అప్పుడు కూడా తీసెయ్యం. 2023 ఆగస్టులో కెన్యాలో దాదాపు అంతటా కరెంటు పోయిన రోజు దారి మూసుకున్నది సముద్రంలో కాదు, క్లినిక్ పక్కనున్న మొబైల్ టవర్ దగ్గర.